ఒకే ఇంట్లో ముగ్గురు, మూడు ఫోన్లు: కోవూరు తల్లి ప్రశ్నకు నా సమాధానం

అమ్మా, మీ ప్రశ్న పూర్తిగా చదివాను. మిగతావాళ్లకు కూడా అర్థం కావడానికి క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీ అమ్మాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. సెలవులకు ఇంటికొస్తే రాత్రి రెండు దాకా రీల్స్ చూస్తోంది. తను పెట్టిన ఫోటోకు లైకులు రాకపోతే కాసేపటికే తీసేస్తోంది, "నేను బాగుండను" అంటోంది. మీ ఆయన ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులు చేస్తున్నారు. పొద్దున లేస్తూనే వాట్సాప్ గ్రూపుల్లో రేట్ల మెసేజ్‌లు చూసి టెన్షన్ పడి ఇంట్లోవాళ్ల మీద అరుస్తున్నారు. మీ అత్తగారు ఎవరో పంపిన వీడియో చూసి బీపీ మాత్రలు మానేసి కషాయం తాగుతున్నారు. "ఇదంతా నిజంగా సోషల్ మీడియా వల్లేనా, లేక అన్నిటికీ దాన్నే సాకుగా చెబుతున్నామా? ఫోన్లు లాగేసుకుంటే సరిపోతుందా?" అని అడిగారు.

అన్నిటికంటే ముందు మీ అత్తగారి మాత్రల సంగతి చూడండి. బీపీ పెరిగినా చాలామందికి ఏమీ తెలియదు, పక్షవాతం వచ్చేదాకా ఒంట్లో బాగానే ఉన్నట్టుంటుంది. కొన్ని రకాల మాత్రలు ఉన్నట్టుండి ఆపితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది కూడా. ఈ రోజే దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లి బీపీ చూపించండి. ఏ మాత్ర, ఎప్పటి నుంచి మానేశారో డాక్టరుకు చెప్పండి. ఆమెను తిట్టొద్దు. తిడితే మీ ముందు మాత్ర తీసుకుని తర్వాత ఉమ్మేస్తారు. ఇలాంటివి నేను చూశాను.

ఇక మీ ప్రశ్న. చాలా ఏళ్లుగా నెల్లూరులో పిల్లలకు, పెద్దలకు కౌన్సెలింగ్ చేస్తున్నాను. పుస్తకాల్లో చదివినదీ, నా ఎదుట కూర్చున్నవాళ్ల దగ్గర విన్నదీ కలిపి చూస్తే నాకు గట్టిగా అనిపించేది ఒకటే. ఏది మామూలు, ఏది నిజం, తను ఎంతటివాడు అన్న మూడూ మనిషి తన చుట్టూ ఉన్నవాళ్లను చూసే తేల్చుకుంటాడు. ఫోన్ రాకముందూ అంతే. సోషల్ మీడియా మన చుట్టూ ఉన్న ఆ మనుషుల్నే మార్చేసింది. మీ ఇంట్లో ముగ్గురూ ఒకే కప్పు కింద ఉన్నారు గానీ, ముగ్గురి చుట్టూ ఉన్న జనం వేరు.

చుట్టూ ఉన్నవాళ్ల బలం ఎంతటిదో మన జిల్లాకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1990ల మొదట్లో దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి పూట అక్షరాస్యత తరగతులకు వెళ్లి, సారా వల్ల కాపురాలు ఎలా కూలుతున్నాయో చెప్పే పాఠం చదువుకున్నారు. ఆ రాత్రి మాటలు ఊరిని కదిలించాయి. పక్క ఊళ్లకు, తర్వాత రాష్ట్రమంతా పాకాయి. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. ఒకరిని చూసి ఒకరు కదలడం చెడ్డదేమీ కాదని చెప్పడానికే ఇది గుర్తుచేశాను. అయితే ఆ ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకున్నారు. చెప్పేది ఎవరో, ఆమె ఇంట్లో పరిస్థితి ఏమిటో అందరికీ తెలుసు. అనుమానం వస్తే అక్కడే అడగొచ్చు. మీ అత్తగారికి వచ్చిన వీడియోలో మాట్లాడినాయన ఎవరో, ఆయన చదువేమిటో, ఆ కషాయం తాగినవాళ్లు తర్వాత ఎలా ఉన్నారో ఆమెకు తెలిసే దారే లేదు. అయినా ఆమె మనసు మాత్రం పక్కింటావిడ చెప్పినట్టే తీసుకుంది, ఎందుకంటే పంపింది తెలిసిన మనిషే.

మళ్లీ మళ్లీ వింటే మాట నిజమనిపిస్తుంది. 1977లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు విద్యార్థులకు కొన్ని వాక్యాలు వారాల తేడాతో పదే పదే వినిపించి చూశారు. అబద్ధమైనా సరే, ముందు విన్న వాక్యాన్నే వాళ్లు ఎక్కువగా నమ్మారు. ఒకే వీడియో మీ అత్తగారికి బంధువుల గ్రూపులో ఒకసారి, గుడి గ్రూపులో ఒకసారి, చెల్లెలి దగ్గర నుంచి ఒకసారి వస్తే ఆమెకు అది ముగ్గురు చెప్పిన మాట. "అందరూ చెప్తా ఉండారు గదమ్మా" అంటారు. నిజానికి చెప్పింది ఒక్కడే.

2021 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. కోవిడ్ రెండో విడతలో ఆసుపత్రుల్లో మంచాలు దొరకని రోజులవి. ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య గారు ఉచితంగా ఇస్తున్న మూలికల మందు గురించి వీడియోలు ఫోన్ ఫోన్‌కీ పాకాయి. వేల మంది వచ్చేశారు. కోవిడ్ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే గుంపులో నిలబడ్డారు. జనాన్ని అదుపు చేయలేక పంపిణీ ఆపాల్సి వచ్చింది. తర్వాత ఆయుర్వేదం లాంటి సంప్రదాయ వైద్యాలను చూసే ప్రభుత్వ ఆయుష్ సంస్థలు పరిశీలించాయి. ఆ మందు కోవిడ్‌ను నయం చేస్తుందనడానికి రుజువు లేదు, వాడితే హాని కూడా కనబడలేదు అన్న నివేదిక మీద మే 31న ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. కంట్లో వేసే చుక్కలకు మాత్రం అప్పుడు ఇవ్వలేదు. ఆ రోజుల్లో అక్కడికి వెళ్లినవాళ్లను తెలివితక్కువవాళ్లని అనేవాళ్లతో నేను ఒప్పుకోను. అయినవాళ్లు ఊపిరి కోసం అల్లాడుతుంటే ఎవరైనా ఆశ ఎక్కడ కనిపిస్తే అక్కడికి పరిగెత్తుతారు. నేను చూసింది వేరే. జనాన్ని నడిపించింది ఆ మందు గుణం కాదు, పదే పదే ఎదురైన వీడియో. "రుజువు లేదు" అన్న నివేదికకు ఆ వీడియోల్లో నూరో వంతు జనం కూడా దొరకలేదు.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించారు. నిజం కంటే అబద్ధాన్ని జనం ఇంకొకరికి పంపే అవకాశం 70 శాతం ఎక్కువ. 1,500 మందిని చేరడానికి నిజమైన కథనాలకు అబద్ధపు కథనాల కంటే ఆరు రెట్లు సమయం పట్టింది. మనుషుల్లా నటించే కంప్యూటర్ ఖాతాలను తీసేసి లెక్క వేసినా ఫలితం మారలేదు. అంటే దాన్ని మోసుకెళ్లింది మనలాంటివాళ్లమే. అబద్ధం కొత్తగా ఉంటుంది, ఆశ్చర్యంగా ఉంటుంది, అసహ్యమూ పుట్టిస్తుంది. అలాంటిది చేతికి వస్తే ఆపుకోవడం కష్టం.

మీ అమ్మాయి విషయానికి వస్తాను. మీరు రాసినదాంట్లో నాకు ఎక్కువ దిగులు కలిగించింది రాత్రి రెండు గంటల మాట, ఆ తర్వాత ఫోటో తీసేయడం.

మనల్ని మనం ఇతరులతో పోల్చుకునే గుణం గురించి లియోన్ ఫెస్టింగర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే సిద్ధాంతం రాశారు. కొలవడానికి వేరే సాధనం లేనప్పుడు మనిషి తనలాంటివాళ్లతో పోల్చుకుని తన స్థాయి తెలుసుకుంటాడన్నది అందులో ముఖ్యమైన మాట. మీరు ఇంటర్ చదివే రోజుల్లో మీ అందాన్ని ఎవరితో పోల్చుకున్నారు? క్లాసులో నలభై మందితో, వీధిలో స్నేహితురాళ్లతో, పెళ్లికొచ్చిన పిన్ని కూతురితో. వాళ్లకు జ్వరం వచ్చి మొహం పీక్కుపోయిన రోజు కూడా మీరు చూశారు. మీ అమ్మాయి పోల్చుకునేది లక్షల మందిలోంచి ఏరి తెచ్చిన మొహాలతో. వాటిలో చాలావాటికి ఫిల్టర్ ఉంటుంది, లైటు ఉంటుంది, ఇరవై ఫోటోల్లో పంతొమ్మిది తీసేసి పెట్టిన ఒక్కటి అయి ఉంటుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. అడిగితే మీకంటే బాగా వివరిస్తుంది కూడా. తెలిసినంత మాత్రాన బాధ ఆగదు. మనసు తెలివితో సంప్రదించి పోల్చుకోదు.

పైగా ఇప్పుడు ఆ పోలికకు అంకె ఉంది. ఫేస్‌బుక్ లైక్ బటన్ 2009లో తెచ్చింది. అంతకుముందు కూడా ఒకరు మనల్ని మెచ్చుకుంటున్నారో లేదో మనకు తెలిసేది, కానీ లెక్కగా తెలిసేది కాదు. ఇప్పుడు ఆమె ఫోటో కింద 23 ఉంటుంది, స్నేహితురాలి ఫోటో కింద 140 ఉంటుంది. పదహారేళ్ల వయసులో ఆ తేడా పరీక్షలో మార్కుల తేడా కంటే గట్టిగా తగులుతుంది. ఆ వయసులో తోటివాళ్ల మెప్పు కోసం మెదడు సహజంగానే ఆత్రపడుతుంది. అది ఎదుగుదలలో భాగం, లోపం కాదు. ఇన్‌స్టాగ్రామ్ యజమాని సంస్థ సొంతంగా చేయించుకున్న సర్వే 2021లో బయటపడింది. తమ శరీరం గురించి బాధగా ఉన్నప్పుడు ఇన్‌స్టాగ్రామ్ చూస్తే బాధ ఇంకా పెరిగిందని 32 శాతం టీనేజ్ అమ్మాయిలు అందులో చెప్పారు. జాగ్రత్తగా చదవండి, అప్పటికే బాధలో ఉన్నప్పుడు అన్నది అందులో కీలకం. మీ అమ్మాయిని అర్థం చేసుకోవడానికి దారి అక్కడ ఉంది.

రెండు గంటల దాకా ఎందుకు ఆపలేకపోతోంది అంటారా? దాన్ని అలాగే కట్టారు. స్కిన్నర్ అనే శాస్త్రవేత్త పావురాల మీద ప్రయోగాలు చేసి కనిపెట్టిందేమిటంటే, మీట నొక్కిన ప్రతిసారీ గింజ పడితే పావురం తనకు కావాల్సినంత తిని ఆగుతుంది. గింజ ఎప్పుడు పడుతుందో తెలియకపోతే మాత్రం నొక్కుతూనే ఉంటుంది. రీల్స్‌లో పది పనికిరానివి దాటాక ఒకటి పకపకా నవ్విస్తుంది. పేకాటలో కూర్చున్నవాడు ఇంకొక్క ఆట అన్నట్టే ఇదీ. దానికి తోడు కింది అంచు లేని స్క్రీన్. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేసిన ఈ అంతులేని పేజీ పద్ధతి ఇప్పుడు చాలా యాప్‌లలో ఉంది. దాన్ని తయారుచేసిన ఆయనే తర్వాత దాని గురించి బాధపడుతూ మాట్లాడారు. పేజీ అయిపోతే మనిషికి "చాలు" అనిపించే ఒక క్షణం దొరుకుతుంది. ఆ క్షణాన్ని తీసేశారు. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్ నిషేధించినప్పుడు చాలామంది తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్నారు. జులైలో రీల్స్ వచ్చింది, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చింది. యాప్ పోయినా పద్ధతి పోలేదు.

కాబట్టి ఆమెకు పట్టుదల లేదనో, చదువంటే భయం లేదనో అనుకోకండి. రోజంతా హాస్టల్లో గంట కొడితే లేచి, గంట కొడితే తిని, స్టడీ అవర్‌లో కూర్చుని వచ్చిన పిల్ల అది. ఇంట్లో రాత్రి పదకొండు తర్వాతే తనను ఎవరూ ఏమీ అడగని సమయం దొరుకుతోంది. చాలామంది పిల్లలు నాతో ఇదే చెబుతారు. ఆ సమయం ఆమెకు వేరే రూపంలో దొరికే దారి చూపకుండా ఫోన్ ఒక్కటే తీసేస్తే, తీసుకున్నది ఫోన్ కాదు, ఆమెకున్న ఒకే ఒక్క గంట.

అయితే అన్నిటికీ సోషల్ మీడియానే కారణమా అని మీరు అడిగినదానికి నిజాయితీగా చెప్పాలి. 2019లో ఓర్బెన్, షిబిల్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు మూడు లక్షల మందికి పైగా కౌమార వయసు పిల్లల సమాచారాన్ని పరిశీలించారు. పిల్లల మానసిక స్థితిలో తేడాల్లో డిజిటల్ సాధనాల వాడకంతో ముడిపడింది 0.4 శాతం మించలేదని తేల్చారు. ఇంకో అధ్యయనంలో అమెరికాలో 2018 ఎన్నికల ముందు కొందరు నాలుగు వారాలు ఫేస్‌బుక్ ఆపేశారు. రోజుకు గంట దాకా మిగిలింది, మనసు కొంచెం కుదుటపడింది, రాజకీయ పట్టుదలలు కొంత తగ్గాయి, వార్తలు మాత్రం తక్కువ తెలిశాయి. మేలు ఉంది గానీ చిన్నది. అందుకే "ఫోన్ పిల్లల బుర్రలు పాడు చేస్తోంది" అని మైకు పట్టుకుని అరిచేవాళ్లంటే నాకు ఇబ్బంది. అలాగని "ఏమీ కాదు" అనేవాళ్లతోనూ కలవను. సగటు చిన్నదైనప్పుడు ఎక్కువ మందికి ఏమీ కాకపోవచ్చు, కొందరికి గట్టి దెబ్బ తగలొచ్చు. మీ అమ్మాయి ఏ గుంపులో ఉందో సగటు చెప్పదు. నిద్ర, తిండి, మాట చెబుతాయి. ఇంకో సంగతి, దిగులుగా ఉన్న పిల్లలు ఫోన్‌లోకి ఎక్కువగా వెళ్తారు. ఫోన్ దిగులును పెంచుతోందా, దిగులే ఫోన్ దగ్గరికి తీసుకెళ్తోందా అన్నది రెండు వైపులా చూడాలి. హాస్టల్లో ఎవరైనా ఏమైనా అంటున్నారా, మార్కులు తగ్గాయా, ఎవరితోనైనా స్నేహం చెడిందా? "ఫోన్ ఎందుకు చూస్తున్నావు" కంటే ముందు ఇవి తెలుసుకోండి.

మీ ఆయన గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే ఆయన కష్టంలో సగం ఫోన్‌ది కాదు. 2025 ఆగస్టులో అమెరికా మన దేశం నుంచి వెళ్లే సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రైతులకు పట్టిన భయం నిజమైనదే. అప్పు నిజం, మేత ఖర్చు నిజం, రొయ్యలకు వచ్చే వైరస్ నిజం. గ్రూపులు చేసేది ఏమిటంటే ఆ భయాన్ని రోజుకు ముప్పై సార్లు ఎదురుగా తెచ్చి పెడతాయి. "కౌంట్ రేటు ఇంకా పడిపోతుంది, ఇప్పుడే పట్టేయండి" అని పేరు లేని వాయిస్ మెసేజ్ ఒకటి వస్తుంది. (కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క.) ఇంకాస్త ఆగితే మంచి కౌంటుకు వచ్చే రొయ్యను జనం ముందే పట్టేస్తారు. ఒకేసారి సరుకు ఎక్కువ వస్తే రేటు నిజంగానే దిగుతుంది. అప్పుడు ఆ మెసేజ్ నిజమైపోయినట్టు కనిపిస్తుంది. కోపం, భయం ఉన్న మాటలే ఎక్కువ దూరం వెళ్తాయి కాబట్టి, "ఈ వారం రేటు మామూలుగానే ఉంది" అన్న మెసేజ్ ఎవరూ పంపరు. ఆయన చదివే జనంలో భయపడ్డవాళ్లే ఉంటారు. ఇంట్లో వచ్చే అరుపు అక్కడ మొదలై ఇక్కడ బయటపడుతోంది. రేటు సంగతి నమ్మకమున్న ఇద్దరు కొనుగోలుదారులకు నేరుగా ఫోన్ చేసి కనుక్కోమనండి. గ్రూపుల నోటిఫికేషన్లు ఆపేసి, చెరువు మీద పొద్దుటి పని అయ్యాక ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడమనండి. లేచీ లేవగానే చూడటం మానితే చాలు, పొద్దుటి పూట ఇల్లు చాలావరకు తేలికపడుతుంది.

ఫోన్లు లాగేసుకోవద్దు. దానికి బదులు రాత్రి పదిన్నరకు ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో ఒకే చోట ఛార్జింగ్ పెట్టండి, మీదీ మీ ఆయనదీ ముందు పెట్టాలి. పెద్దవాళ్లు పెట్టకుండా పిల్లకు మాత్రం పెడితే అది శిక్ష అవుతుంది. నిద్ర లేపడానికి ఒక అలారం గడియారం కొనండి, "అలారం కోసం ఫోన్ కావాలి" అన్న మాట ఆగిపోతుంది. ఆమెతో కూర్చుని ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగుల్లో సిఫార్సు చేసే కంటెంట్‌ను రీసెట్ చేయించండి. తనకు బాధ కలిగించే రీల్ వచ్చినప్పుడల్లా ఆసక్తి లేదు అన్నది నొక్కమనండి. ఏం చూపించాలో యాప్ నేర్చుకునేది మనం ఎక్కడ ఆగామో చూసే, కాబట్టి దానికి వేరే పాఠం నేర్పొచ్చు. టీనేజ్ ఖాతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా నోటిఫికేషన్లు ఆపే ఏర్పాటు ఉంది, వయసు సరిగ్గా ఇచ్చి ఉంటే పనిచేస్తుంది. ఇవన్నీ ఆమె చేతితోనే చేయించండి, ఆమె వెనుక చేయకండి. ఆమె ఖాతాను రహస్యంగా చూడటం, పాస్‌వర్డ్ లాక్కోవడం అస్సలు వద్దు. ఒకసారి నమ్మకం పోతే, నిజంగా ఆపద వచ్చినప్పుడు ఆమె మీ దగ్గరికి రాదు.

సాయంత్రం ఒక గంట ఆమెకు వదిలేయండి. చదువు గురించి అడగొద్దు, పని చెప్పొద్దు. స్నేహితురాలితో మైపాడు బీచ్‌కి వెళ్తానంటే పంపండి, ఊరికే మేడ మీద కూర్చుంటానన్నా కూర్చోనివ్వండి.

మీ అత్తగారికి వీడియో అబద్ధమని చెప్పి గెలవాలని చూడకండి. ఆమెతో కలిసి ఆ మెసేజ్ తెరిచి, పైన రెండు బాణాల గుర్తు ఉంటే చూపించండి. చాలాసార్లు చేతులు మారి వచ్చిందని దాని అర్థం. 2018లో మన దేశంలో వాట్సాప్ ఒకసారికి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. పుకార్ల వల్ల మనుషుల్ని కొట్టి చంపిన ఘటనల తర్వాతే ఆ పరిమితి వచ్చింది. ఈ సంగతి ఆమెకు చెప్పండి, పెద్దవాళ్లు ఇలాంటివి శ్రద్ధగా వింటారు. ఆమె మాట వినే డాక్టరో నర్సమ్మో ఉంటే వాళ్ల నోటి నుంచే మాత్ర సంగతి చెప్పించండి. ఫోన్‌లోని మనిషి స్థానంలోకి ఆమె నమ్మే ఇంకో మనిషి రావాలి, ఖాళీ వదిలేస్తే మళ్లీ ఇంకో వీడియో వచ్చి కూర్చుంటుంది.

ఈ మార్పులతో రెండు మూడు వారాల్లో అమ్మాయి నిద్ర సరిపడకపోయినా, అన్నం తగ్గినా, ఇష్టమైన పనులు కూడా మానేసినా దర్గామిట్టలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. చచ్చిపోవాలనిపిస్తోందని గానీ, బతకడం దండగని గానీ ఒక్కసారి అన్నా రెండు మూడు వారాలు ఆగొద్దు, ఆమెను ఒంటరిగా వదలొద్దు, వెంటనే తీసుకెళ్లండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 ఏ సమయంలోనైనా ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మీరూ చేయొచ్చు, అమ్మాయి మీకు చెప్పకుండా చేసుకోవాలనుకుంటే కూడా చేసుకోవచ్చు, ఆ నంబరు ఆమెకు ఇవ్వండి. ఎవరైనా ఫోటోలు అడ్డం పెట్టుకుని ఆమెను బెదిరిస్తున్నారని తెలిస్తే మెసేజ్‌లు చెరిపేయకుండా ఉంచి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. డబ్బు కూడా పంపి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఆలస్యం లేకుండా ఫోన్ చేయండి. తప్పు నీది కాదని ఆమెకు ముందు చెప్పండి, ఫిర్యాదు తర్వాత.